ఏ నీళ్లు తాగుతున్నారని అడిగి ఉంటే

మా పెద్దమ్మ కొంగు ముడిలో ఎప్పుడూ రెండు గ్యాస్ గోలీలు ఉండేవి. ఆమెది నల్లగొండ జిల్లా మర్రిగూడ దగ్గరి పల్లె. పొద్దున లేవగానే పులితేపులు. తింటే ఉబ్బరం, తినకపోతే మంట. "లోపల అగ్గి పెట్టినట్లుంటది బిడ్డా" అనేది. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు గ్యాస్ అన్నాడు. చండూరులో చూపిస్తే అల్సర్ అన్నారు. గోలీలు మారాయి గానీ మంట మారలేదు. చివరికి హైదరాబాద్ పోయి గొట్టం పరీక్ష, అదే ఎండోస్కోపీ, చేయించుకోమన్నారు.

ఆ రోజు తోడుగా నేనే వెళ్లాను. రాత్రి నుంచి ఆమె మంచినీళ్లు కూడా ముట్టలేదు. గొంతులో చేదు మందు కొడితే నాలుక మొద్దుబారింది. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, పళ్ల మధ్య ప్లాస్టిక్ రింగు పెట్టి, వేలంత లావున్న నల్లటి గొట్టం దింపారు. ఆమె కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, నా చెయ్యి మాత్రం వదల్లేదు. ఐదు నిమిషాల్లో అయిపోయింది. 'యాంట్రల్ గ్యాస్ట్రైటిస్', అంటే కడుపు కింది భాగంలో పొర వాపు అని రిపోర్టు, నెల రోజులకు గోలీలు. సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చేశాం.

ఏ ఊరమ్మా అని అడిగి రాసుకున్నారు. ఏ నీళ్లు తాగుతున్నారని మాత్రం ఎవరూ అడగలేదు. ఫ్లోరైడ్ ఉన్న మా బోరు నీళ్లకూ ఆ కడుపు మంటకూ సంబంధం ఉండొచ్చని, అది అడగాల్సిన ప్రశ్న అని అప్పటికి నాకూ తెలియదు.

ఆ గొట్టం ఆమె గొంతు దాకా రావడానికి నూరేళ్లు దాటింది. 1868లో జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో అడాల్ఫ్ కుస్‌మౌల్ అనే వైద్యుడు కత్తులు మింగే గారడీవాడిని పిలిపించి, అతని గొంతులోకి తిన్నటి లోహపు గొట్టం దించి చూశాడు. కడుపు దాకా వెళ్లింది గానీ వెలుతురు చాలలేదు. 1932లో రుడాల్ఫ్ షిండ్లర్ కొంతవరకు వంగే గొట్టం తయారు చేయించాడు. అసలు మలుపు గాజు పోగులతో వచ్చింది. పంజాబ్‌లోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ, లండన్‌లో తన గురువు హెరాల్డ్ హాప్కిన్స్‌తో కలిసి వెంట్రుకల్లాంటి గాజు పోగుల కట్ట గుండా బొమ్మను ఒక కొస నుంచి ఇంకో కొసకు పంపవచ్చని చూపించాడు. అది 1954 జనవరిలో 'నేచర్' పత్రికలో వచ్చింది. అది చదివిన బేసిల్ హిర్షోవిట్జ్ అమెరికాలోని మిషిగన్‌లో అలాంటి పోగులతోనే గొట్టం చేయించి, 1957లో ముందు తానే మింగి చూసుకున్నాడు. కొద్ది రోజుల తర్వాతే రోగి మీద వాడాడు. ఈ ఒక్క సంగతికే ఆయనంటే నాకు గౌరవం.

చూడటం వచ్చింది సరే, చూసినదాన్ని ఏమనుకోవాలన్నది ఇంకో కథ. కడుపులో పుండు పడటానికి మసాలాలు, టెన్షన్, యాసిడ్ కారణమని డాక్టర్లు గట్టిగా నమ్మిన కాలం అది. పుండు ముదిరితే పేగు దారి మూసుకుపోయి, పొద్దున తిన్నది సాయంత్రానికి వాంతయ్యేది. కడుపు కోసి పేగుతో కొత్త దారి కలిపేవారు. మన దక్షిణాదిలో ఈ బాధ ఎక్కువని అప్పటి డాక్టర్లు గమనించారు. రైల్వేలో పనిచేసిన డాక్టర్ మల్హోత్రా 1960లలో ఉద్యోగుల వివరాలు చూసి, గోధుమ తినే ఉత్తరాది కన్నా అన్నం తినే దక్షిణాదిలో పుండ్లు ఎక్కువని రాశారు. మైసూరు మిషన్ ఆసుపత్రిలో ఆపరేషన్లు చేసిన ఫ్రాంక్ టోవీ కూడా అదే దారిలో ఆలోచించారు. జొన్న గటక నుంచి వరన్నానికి మారిన మన పాలమూరు, నల్లగొండ వాళ్లకు ఆ చర్చ ఇప్పటికీ దగ్గరిదే. ఏం తింటున్నారని అడిగిన డాక్టర్లు అన్నమాట వాళ్లు. మా పెద్దమ్మ దాకా వచ్చేసరికి ఆ మాత్రం అడగడం కూడా పోయింది.

1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో బారీ మార్షల్, రాబిన్ వారెన్ ఆ నమ్మకాన్ని తలకిందులు చేశారు. ఎండోస్కోపీలో తీసిన కడుపు పొర ముక్కల నుంచి సూక్ష్మజీవిని పెంచాలని చూస్తే ఏదీ పెరగడం లేదు. రెండు రోజులకే ల్యాబ్‌లో ప్లేట్లు పారేసేవారు. ఈస్టర్ సెలవుల వల్ల ఒక ప్లేటు ఐదు రోజులు అలాగే ఉండిపోయింది. తెరిచి చూస్తే సూక్ష్మజీవి పెరిగి ఉంది. ఇప్పుడు దాన్నే హెలికోబాక్టర్ పైలోరీ అంటున్నాం. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ తానే దాన్ని తాగేశాడు. కొద్ది రోజుల్లోనే వాంతులు, నోటి దుర్వాసన పట్టుకున్నాయి. ఎండోస్కోపీ చేసి చూస్తే కడుపు పొర వాచి ఉంది. ఇద్దరికీ 2005లో నోబెల్ వచ్చింది. జీవితాంతం గోలీలు, లేదంటే కత్తి అన్న జబ్బు రెండు వారాల యాంటీబయాటిక్స్‌తో నయమయ్యే జబ్బయింది.

ఇంతలో హైదరాబాద్ ఈ విద్యకు పెద్ద ఊరయింది. ఉస్మానియాలో గ్యాస్ట్రోఎంటరాలజీకి, అంటే జీర్ణకోశ వైద్యానికి, పునాది వేసినవారిలో డాక్టర్ సి.ఎం. హబీబుల్లా ఒకరు. కాలేయం ఒక్కసారిగా చెడిపోయిన రోగులకు పిండం కాలేయ కణాలు ఎక్కించి చూసిన ఆయన ప్రయోగం 1994లో అంతర్జాతీయ పత్రికలో అచ్చయింది. ఆ తర్వాత డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీని ఎండోస్కోపీ నేర్చుకోవడానికి దేశదేశాల డాక్టర్లు వచ్చే చోటుగా మార్చారు. ఆయనకు 2025లో పద్మవిభూషణ్ ఇచ్చారు. నల్లగొండ నుంచి వంద కిలోమీటర్లు, పాలమూరు నుంచి కూడా అంతే. బస్సెక్కితే మూడు గంటల్లో ప్రపంచ స్థాయి చూపు దొరుకుతుంది. అది మన అదృష్టమే. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో ముందుగా మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి, అనంతపురం, శ్రీకాకుళం మిగతా రెండు. కార్డు పట్టుకుని పెద్దాసుపత్రి గుమ్మం ఎక్కడం అప్పటి నుంచి పేదవాడికి సాధ్యమైంది.

కానీ రోగి అక్కడిదాకా వెళ్లినా, రోగం పుట్టిన చోటు ఇక్కడే ఉండిపోయింది.

మన నీళ్ల సంగతి డాక్టర్లకు తెలియనిది కాదు. దేశంలో ఫ్లోరైడ్ జబ్బును మొదట గుర్తించింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. 1955లో ఎ.హెచ్. సిద్దీఖీ నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి 'బ్రిటిష్ మెడికల్ జర్నల్'లో రాశారు. వంగిపోయిన వెన్నులు, బిగుసుకుపోయిన కీళ్లు, నరాలు నలిగి చచ్చుబడిన కాళ్లు, అన్నీ అందులో ఉన్నాయి. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఫ్లోరైడ్ ప్రాంతాల పిల్లల్లో మోకాళ్లు లోపలికి వంగడం గురించి 'లాన్సెట్' వైద్య పత్రికలో రాశారు. నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి కనిపెట్టి దానికి మన జిల్లా పేరే పెట్టింది. ఆఫ్రికా దేశాల పుస్తకాల్లో కూడా 'నల్లగొండ టెక్నిక్' అనే ఉంటుంది.

గ్రానైట్ రాయిలోంచి ఊరే నీళ్లు ఇవి. చేదబావులు ఎండి, బోర్లు లోతుకు దిగిన కొద్దీ ఫ్లోరైడ్ పెరిగింది. తాగే నీళ్లలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. దానికి ఎన్నో రెట్లున్న బోరు నీళ్లు తాగి, వండుకుని, వాటితోనే చాయ్ కాచుకుని రెండు తరాలు బతికాయి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీకి దిగారు. నీళ్ల గోస ఢిల్లీకి వినపడాలనే అంతమంది నిలబడ్డారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది.

ఇన్నేళ్లూ అందరూ చూసింది ఎముకలనే, పళ్లనే. అవి బయటికి కనిపిస్తాయి. కడుపు కనిపించదు.

కడుపును చూసినవాళ్లు ఢిల్లీ ఎయిమ్స్‌లో ఉన్నారు. డాక్టర్ ఎ.కె. సుశీల జీర్ణకోశ వైద్యులతో కలిసి చేసిన చిన్న పరిశోధన 1996లో వచ్చింది. ఫ్లోరైడ్ వల్ల ఎముకలు దెబ్బతిన్న 10 మందిని, ఆరోగ్యంగా ఉన్న 10 మందిని తీసుకుని ఎండోస్కోపీ చేశారు, కడుపు పొర ముక్కలు తీసి మైక్రోస్కోపు కింద పెట్టారు. రోగులు పది మందికీ కడుపు బాధ ఉంది. ఏడుగురికి ఎండోస్కోపీలోనే తేడా కనిపించింది. ముక్కల్లోనైతే పదిమందికీ పొర పలచబడి వాచి ఉంది, ఆరోగ్యవంతుల్లో ఒక్కరికే అలా ఉంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద లోపలి పొర ఎండకు పగిలిన బంకమన్నులా కనిపించిందని రాశారు. మే నెలలో మన చెరువు అడుగు ఎట్లుంటుందో చూసినవాళ్లకు ఇంకో వర్ణన అక్కర్లేదు.

ఎందుకలా అవుతుందంటే, ఫ్లోరైడ్ కడుపులోని యాసిడ్‌తో కలిస్తే హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ తయారవుతుంది. అది కణాల్లోకి తేలిగ్గా దూరి లోపలి నుంచి దెబ్బ తీస్తుంది. ఫ్లోరైడ్ ప్రాంతాల్లో 'పుండు లేని అజీర్తి' అని రాసి గోలీలిచ్చి పంపే కేసుల్లో చాలా వాటికి అసలు కారణం నీళ్లే కావచ్చని ఆ పరిశోధకులు హెచ్చరించారు. ఫ్లోరైడ్ లేని నీళ్లకు మారితే కడుపు బాధలు కొద్ది వారాల్లోనే తగ్గుతాయని సుశీల ఆ తర్వాత కూడా చెబుతూ వచ్చారు. ఎముక వంగితే మళ్లీ తిన్నగా కాదు. కడుపుకు మాత్రం కోలుకునే అవకాశముంది.

పది మందిని చూసి తీర్పు చెప్పలేం. పైలోరీ సూక్ష్మజీవి మన దేశంలో సగానికి పైగా పెద్దవాళ్ల కడుపుల్లో ఉంటుంది. నొప్పి గోలీలు కూడా పొరను తినేస్తాయి, కీళ్ల బాధతో ఫ్లోరైడ్ రోగులు మింగేది ఆ గోలీలే. వీటన్నిటినీ విడదీసి చూడాలంటే వందల మంది కావాలి, ఒకే ఊరివాళ్లు, నీళ్లు వేరైనవాళ్లు కావాలి. అలాంటి పరిశోధనకు నల్లగొండ కన్నా తగిన చోటు ఇంకొకటి లేదని నా గట్టి నమ్మకం.

కాలేయం సంగతి వేరేగా నడిచింది. అక్కడ ప్రశ్న పల్లె నుంచే పుట్టింది. కామెర్లంటే మన దగ్గర ఇప్పటికీ మొదట గుర్తొచ్చేది పసరు మందే. నేల ఉసిరి నూరి పాలలో కలిపి పరగడుపున తాగిస్తారు, ఉప్పు కారం లేని చప్పిడి తిండి పెడతారు. కొన్ని ఊళ్లలో చేతికి చురకలు కూడా పెడతారు. 1988లో మద్రాసులో ఎస్.పి. త్యాగరాజన్ బృందం ఆ నేల ఉసిరినే హెపటైటిస్ బి వైరస్ ఉన్నవాళ్లకు ఇచ్చి చూసింది. ఆ వైరస్‌ను కనిపెట్టి నోబెల్ పొందిన బరూక్ బ్లుంబర్గ్ కూడా అందులో పాలుపంచుకున్నారు. మందు తీసుకున్న 37 మందిలో 22 మందికి రక్తంలో వైరస్ గుర్తు పోయింది. మందు లేని ఉత్త గోలీ తీసుకున్న 23 మందిలో ఒక్కరికే పోయింది. 'లాన్సెట్'లో వచ్చింది, ప్రపంచమంతా ఆశపడింది. రెండేళ్లకు థాయిలాండ్‌లో మళ్లీ చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు.

దీన్ని నేను ఓటమిగా చూడను. ఒక చెట్టు మందును మర్యాదగా తీసుకుని, లెక్క పెట్టి, మళ్లీ లెక్క పెట్టి నిజం తేల్చారు. హెపటైటిస్ ఎ, ఇ వల్ల వచ్చే కామెర్లు చాలామందిలో వాటంతటవే తగ్గుతాయి, ఆ పేరు పసరుకు పోతుంది. బి, సి అలా కాదు, చప్పుడు లేకుండా ఏళ్ల తరబడి కాలేయాన్ని తింటాయి. పసరు నమ్ముకుని రక్త పరీక్ష చేయించుకోనివాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ భయం వేస్తుంది. బి రాకుండా టీకా ఉంది. ఖరీదైన విదేశీ టీకా తప్ప దిక్కులేని రోజుల్లో, 1997లో హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ జన్యు పద్ధతిలో దేశీ టీకా తెచ్చి ధర దించింది. ఇప్పుడు పుట్టిన బిడ్డకు సర్కారు దవాఖానాలోనే ఉచితంగా వేస్తున్నారు.

పరిశోధన అంటే మన దగ్గర భయం కూడా ఉంది, అది ఉత్తుత్తి భయం కాదు. ఖమ్మం జిల్లాలో 2009లో గిరిజన బాలికలకు హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) ప్రాజెక్టు చేసినప్పుడు తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారని 2013లో పార్లమెంటరీ కమిటీ తప్పుపట్టింది. ఇప్పుడు ప్రతి ట్రయల్‌ను, అంటే మనుషుల మీద చేసే మందు పరీక్షను, మొదలవకముందే రిజిస్టర్ చేయాలి. 2019 నిబంధనల ప్రకారం కొత్త మందుల ట్రయల్స్‌లో నిస్సహాయ స్థితిలో ఉన్నవాళ్ల సమ్మతిని వీడియో తీయాలి. కాగితం మనకొచ్చిన భాషలో ఉండాలి, వద్దని మధ్యలో లేచి రావచ్చు, వచ్చినా వైద్యం ఆగకూడదు. పల్లెలో ఈ మూడు మాటలు తెలిసినవాళ్లు చాలా తక్కువ.

ఇప్పుడు పరిస్థితి మారింది. మిషన్ భగీరథ పథకం కింద నల్లా నీళ్లు ఊళ్లకు వచ్చాయి. మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి. పాత నల్లగొండ జిల్లాలోని బీబీనగర్‌లోనే ఎయిమ్స్ వచ్చింది. ముప్పై, నలభై ఏళ్లు బోరు నీళ్లు తాగి నల్లా నీళ్లకు మారినవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. వాళ్ల మంట తగ్గిందా, తగ్గితే ఎంత, మూత్రంలో ఫ్లోరైడ్ ఎంత ఉంది, ఎవరికి గొట్టం పరీక్ష అవసరం, ఇవన్నీ అడగడానికి పెద్ద మిషన్లు అక్కర్లేదు, ఓపీలో ఇంకో రెండు నిమిషాలు చాలు. ఇంకో ఇరవై ఏళ్లు పోతే అడగడానికి ఆ మనుషులే ఉండరు.

పెద్దమ్మ పోయాక ఆమె సందూకలో ఆ రిపోర్టు దొరికింది. మడతల దగ్గర చిరిగింది, కడుపు ఫొటోలు వెలిసిపోయి గులాబీ మచ్చల్లా ఉన్నాయి. పైన పేరు, వయసు, ఊరు. హిస్టరీ అన్న చోట 'కడుపు నొప్పి, ఐదేళ్లుగా' అని ఇంగ్లిష్‌లో ఒక్క ముక్క రాసి ఉంది. ఆ పక్కనంతా ఖాళీ జాగా.