మీ మీటరూ, సనత్‌నగర్ స్టేషనూ

చిరంజీవులకు ఆశీస్సులు.

గాలిలో సన్నటి దుమ్ము (పీఎం 2.5) కొలిచే మీ బాల్కనీలోని చిన్న మీటర్ పొద్దున ఆరింటికి 110 చూపించిందనీ, అదే టైమ్‌కి సనత్‌నగర్ గాలి కాలుష్య స్టేషన్‌లో 70 ఉందనీ, ఏది నమ్మాలనీ అడిగారు. మంచి ప్రశ్న. ఆ రెండూ ఒకే పని చేయడం లేదు.

పీఎం 2.5 అంటే 2.5 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంతకన్నా సన్నటి నలకలు. వాటి లెక్కకు అసలు ఆధారం తూకం. ముందే తూచిన ఫిల్టర్‌లోంచి 24 గంటలపాటు, నిమిషానికి 16.7 లీటర్ల చొప్పున గాలి లాగిస్తారు. తెల్లగా పెట్టిన ఫిల్టర్ మసిబారి బయటికొస్తుంది. దాన్ని తేమ, వేడి మారని గదిలో ఉంచి మళ్లీ తూస్తారు. మన దేశంలో 24 గంటల పరిమితి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు. గాలి సరిగ్గా అంత ఉన్నా, రోజంతటికీ ఫిల్టర్ మీద చేరేది ఒకటిన్నర మిల్లీగ్రాములలోపే! వేలిముద్ర పడినా లెక్క చెడుతుంది. అంత జాగ్రత్త ఉంది కాబట్టే నాకు ఈ పద్ధతి మీద గురి. కాకపోతే ఫలితం ఆలస్యం. పైగా ఇలా చేత్తో కొలిచేచోట వారానికి రెండు రోజుల చొప్పున, ఏడాదికి కనీసం 104 రోజులు కొలిస్తే చాలన్నది నియమం. దీపావళి రాత్రి అందులో పడకపోవచ్చు.

గంటగంటకీ రీడింగ్ ఇచ్చే స్టేషన్లలో ఎక్కువగా బీటా మెషీన్లుంటాయి. టేపు మీద పట్టిన దుమ్ములోంచి బీటా కిరణాలు ఎంత తగ్గి బయటికొచ్చాయో చూసి బరువు కడతాయి.

మీ మీటర్ అసలు తూచదు. లేజర్ కాంతి నలకల మీద పడి ఎంత చెదిరిందో చూసి బరువు అంచనా వేస్తుంది. తేమ ఎక్కువైతే నలకలు నీరు పీల్చి ఉబ్బుతాయి, కాంతి ఎక్కువ చెదురుతుంది, అంకె పెరుగుతుంది. తెల్లవారుజామున మీకు తేడా ఎక్కువగా కనబడటానికి ఇదొక కారణం కావచ్చు.

అందుకే పాత ఫిల్టర్ అంకెల పక్కన కొత్త మెషీన్ అంకెలు చేర్చి ఒకే గీత గీయకండి. గాలి మారకపోయినా గీత పైకో కిందికో పోతుంది. పద్ధతి మార్చేటప్పుడు పాతదాన్నీ కొత్తదాన్నీ ఒకేచోట, ఎండాకాలం, వానాకాలం, చలికాలం మూడింటిలోనూ నడిపి తేడా పట్టాలి. వానాకాలంలో తేలిన తేడా చలికాలానికి పనికిరాదు.

మీటర్ జాగా మార్చకండి. రీడింగ్ పక్కన తేమ ఎంతో రాయండి. స్టేషన్‌తో పోల్చేటప్పుడు రోజు సగటునే చూడండి. భోగికి వారం ముందు మొదలుపెడితే, ఆ రోజు అంకె పెరిగింది మంచు వల్లా మంటల పొగ వల్లా అని మీరే చెప్పగలుగుతారు. ఆ పట్టిక నాకూ పంపండి.

మీ తాతయ్య