వీధిలోనే ఎందుకు: నాటింగ్ హిల్ కార్నివాల్ వెనుక కథ

ఆగస్టు నెలాఖరు వచ్చిందంటే పశ్చిమ లండన్‌లోని నాటింగ్ హిల్‌లో రెండు రకాల పనులు ఒకేసారి మొదలవుతాయి. ఖరీదైన ఇళ్లవాళ్లు కిటికీలకు, దుకాణాలవాళ్లు అద్దాలకు ప్లైవుడ్ పలకలు కొట్టించుకుంటారు. కొందరు ఆ రెండు రోజులూ ఊళ్లోనే ఉండరు. అదే సమయంలో నెలల తరబడి ఈకలు గుచ్చి, పూసలు కుట్టి సిద్ధం చేసుకున్న వేషాలు బయటికొస్తాయి, లారీల మీదికి స్పీకర్లు ఎక్కుతాయి, ఉక్కు పీపాలతో చేసిన స్టీల్‌పాన్ వాద్యాలకు శ్రుతి సరిచూసుకుంటారు. ఆ ఆదివారం, సోమవారం అక్కడికి వచ్చే జనం లక్షల్లో ఉంటారు. కరీబియన్ దీవుల నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు మొదలుపెట్టిన నాటింగ్ హిల్ కార్నివాల్, ఐరోపాలోనే అతిపెద్ద వీధి పండుగ.

పండుగ ముగిసి రోడ్లు ఊడ్చేలోపే ఒక పాత డిమాండ్ మళ్లీ లేస్తుంది. దీన్ని హైడ్ పార్కుకు మార్చాలి, చుట్టూ కంచె కట్టాలి, వచ్చేవాళ్లకు టికెట్ పెట్టాలి అని. 2024లో రెండు వేర్వేరు దాడుల్లో ఇద్దరు చనిపోవడంతో ఆ గొంతులు ఇంకా పెద్దవయ్యాయి. ఇరుకు వీధుల్లో తొక్కిసలాట జరిగే ప్రమాదం ఉందని పోలీసులు కూడా ఏళ్లుగా హెచ్చరిస్తున్నారు. 2025 జూన్‌లో నిర్వాహకులు, అత్యవసరంగా డబ్బు అందకపోతే కార్నివాల్ భవిష్యత్తే ప్రమాదంలో పడుతుందని ప్రభుత్వానికి రాశారు. చివరికి లండన్ మేయర్ కార్యాలయం, రెండు స్థానిక కౌన్సిళ్లు కలిసి సుమారు పది లక్షల పౌండ్లు సర్దాయి. జనాన్ని క్రమంలో నడిపించే సిబ్బందికి, భద్రతకు ఆ డబ్బు కావలసి వచ్చింది.

భద్రత గురించి ఆందోళన నిజమైనదే, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కానీ "పార్కుకు మార్చేయండి" అనే మాట అంత తేలిగ్గా నోటికొస్తోందంటే, ఈ పండుగ వీధిలోకి ఎలా వచ్చిందో తెలియకపోవడమే కారణమని నా నమ్మకం. ఆ సంగతి తెలియాలంటే లండన్‌లో కాదు, కరీబియన్ దీవి ట్రినిడాడ్‌లో మొదలుపెట్టాలి.

ట్రినిడాడ్‌లోని ఫ్రెంచ్ తోటల యజమానులు క్రైస్తవుల ఉపవాస దినాలకు ముందు ముసుగులు వేసుకుని విందులు, నాట్యాలు జరుపుకునేవారు. ఆఫ్రికా నుంచి పట్టితెచ్చిన బానిసలకు అందులో చోటు లేదు. 1834లో బ్రిటిష్ బానిసత్వ రద్దు చట్టం అమలైంది, 1838లో పూర్తి విముక్తి వచ్చింది. విముక్తులైనవాళ్లు కార్నివాల్‌ను దొరల హాళ్లలోంచి వీధిలోకి లాక్కొచ్చారు. వాళ్ల ఊరేగింపు పేరు కాన్‌బూలే. చెరకు తోటకు నిప్పంటుకుంటే అర్ధరాత్రి బానిసలను కొరడాలతో అదిలించి తోలుకెళ్లి, కాలిన చెరకు నరికించేవారు. ఆ అవమానాన్నే కాగడాలు పట్టుకుని, డోళ్లు కొడుతూ, కర్రసాము చేస్తూ వేషం కట్టి ఆడారు. పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చిన, కొయ్యకాళ్ల మీద ఎత్తుగా నడిచే మోకో జంబీ వేషం ఈనాటికీ లండన్ ఊరేగింపులో కనిపిస్తుంది. వేషం కట్టి ఆడడాన్ని అక్కడ 'ప్లే మాస్' అంటారు. మన సినిమావాళ్ల మాస్ కాదిది, మాస్కరేడ్‌కు పొట్టిమాట.

1881లో పోలీసు అధిపతి కెప్టెన్ బేకర్ ఆ కాగడాలను ఆర్పించబోతే ట్రినిడాడ్ రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్ వీధుల్లో జనం తిరగబడ్డారు. 1884లో చట్టమే వచ్చింది. కాగడాల మీద, డోళ్ల మీద, కర్రలు పట్టుకున్న గుంపుల మీద ఆంక్షలు పెట్టారు.

అదే ఏడాది అక్టోబరు 30న ట్రినిడాడ్‌లోనే శాన్ ఫెర్నాండో పట్నం దగ్గర ఇంకో ఊరేగింపు మీద కాల్పులు జరిగాయి. అది హోసే, అంటే మొహర్రం, మన ఊళ్లలో పీర్ల పండుగ. 1845 నుంచి 1917 వరకు సుమారు లక్షా నలభై వేలమంది భారతీయులు కూలి ఒప్పందాల మీద ట్రినిడాడ్ వెళ్లారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి ఓడ ఎక్కారు. మద్రాసు రేవు నుంచి వెళ్లిన కొద్దిమందిలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. మన పీర్ల పండుగలో లాగే అక్కడా హిందువులు, ముస్లింలు కలిసి నడిచేవారు, ఆఫ్రికా సంతతివాళ్లు కూడా చేయి కలిపేవారు. నిషేధాన్ని లెక్కచేయకుండా పట్నంలోకి అడుగుపెట్టబోయినందుకు తుపాకులు పేలాయి, ప్రాణాలు పోయాయి. హైదరాబాద్‌లో మర్ఫాతో జతగా మోగే తాషాయే అక్కడ 'టాసా' అయింది. ఇవాళ ట్రినిడాడ్ సంగీతాన్ని టాసా లేకుండా ఊహించలేం.

డోలు మీద కట్టడి వచ్చాక జనం వెదురు బొంగులు నేలకేసి కొట్టి తాళం పుట్టించారు. తర్వాత బిస్కెట్ డబ్బాలు, చెత్తడబ్బా మూతలు, ఆపైన 1930లు, 40లలో ఖాళీ నూనె పీపాలు. పీపా అడుగును సుత్తితో లోపలికి గుంటలా దింపి, ఒక్కో చోట ఒక్కో స్వరం పలికేలా మలిచారు. అదే స్టీల్‌పాన్. చెత్తకుప్పలోంచి పుట్టిన ఈ వాద్యం కోసం ఐక్యరాజ్యసమితి 2023లో ఆగస్టు 11ను ప్రపంచ స్టీల్‌పాన్ దినంగా ప్రకటించింది.

ఇక లండన్. 1948 జూన్‌లో ఎంపైర్ విండ్‌రష్ ఓడ కరీబియన్ నుంచి వందలమందిని టిల్‌బరీ రేవులో దించింది. యుద్ధంలో చితికిన బ్రిటన్‌కు పనివాళ్లు కావాలి, సామ్రాజ్యంలోని వాళ్లందరికీ అక్కడ ఉండే హక్కు ఆ ఏడాది చట్టమే ఇచ్చింది. పని దొరికింది గాని ఇల్లు దొరకలేదు. నల్లవారికి గదులు ఇవ్వబోమని బాహాటంగా బోర్డులు పెట్టేవారు. అలా నిరాకరించడం 1968 వరకు చట్టరీత్యా తప్పు కాదు. చోటిచ్చినవాళ్లు పీటర్ రాక్‌మన్ లాంటి ఇళ్ల యజమానులు. శిథిలమైన నాటింగ్ హిల్ ఇళ్లను గదులు గదులుగా చీల్చి, కిక్కిరిసేలా నింపి, విపరీతమైన అద్దెలు గుంజేవారు. ఇవాళ కోట్ల ధర పలికే ఇళ్లు ఆ వీధుల్లోవే.

1958 ఆగస్టు చివర్లో నాటింగ్ హిల్‌లో తెల్ల యువకుల గుంపులు నల్లవారి ఇళ్ల మీద పడ్డాయి. దాదాపు వారం రోజులు రాళ్లు, సీసాలు, పెట్రోలు బాంబులు. వందమందికి పైగా అరెస్టయ్యారు. ఇదంతా రౌడీమూకల పనే తప్ప జాతి ద్వేషం కాదని పోలీసు పెద్దలు హోం మంత్రికి నచ్చజెప్పారు. వీధుల్లో నిలబడ్డ కానిస్టేబుళ్లు రాసిచ్చిన వాంగ్మూలాలు వేరే మాట చెప్పాయి.

అప్పటికి దక్షిణ లండన్‌లోని బ్రిక్స్‌టన్‌లో క్లాడియా జోన్స్ 'వెస్ట్ ఇండియన్ గెజెట్' అనే పత్రిక నడుపుతోంది. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో 1915లో పుట్టి, ఎనిమిదేళ్ల వయసులో న్యూయార్క్ చేరిన మనిషి. కమ్యూనిస్టు అయినందుకు అమెరికా జైల్లో పెట్టింది, 1955 డిసెంబరులో దేశం నుంచి పంపించేసింది. పత్రిక పనిలో ఆమెకు తోడుగా నిలిచినవారిలో భారతీయ కమ్యూనిస్టు అభిమన్యు మన్‌చందా ఒకరు. అల్లర్ల తర్వాత ఆమె చేసిన పనికి నేను ఎప్పుడూ ఆశ్చర్యపోతాను. సభలు, నిరసనలు ఎలాగూ నడిపింది. వాటితో పాటు, దెబ్బతిన్న జనానికి కార్నివాల్ కావాలని నిర్ణయించుకుంది. 1959 జనవరి 30న సెయింట్ పాంక్రాస్ టౌన్‌హాల్లో అది జరిగింది. ట్రినిడాడ్ గాయకుడు, నటుడు ఎడ్రిక్ కానర్ దర్శకత్వం వహించాడు, బీబీసీ ప్రసారం చేసింది. "ప్రజల కళే వారి స్వేచ్ఛకు పుట్టుక" అని కార్యక్రమ పుస్తకం మీద ముద్రించారు. వచ్చిన డబ్బులో కొంత, అల్లర్ల కేసుల్లో జరిమానాలు పడ్డ యువకుల కోసం పక్కన పెట్టారు.

నాలుగు నెలలైనా తిరగకముందే, మే 17న నాటింగ్ హిల్ పక్కనే సౌథమ్ స్ట్రీట్‌లో ఆంటిగ్వా నుంచి వచ్చిన వడ్రంగి కెల్సో కాక్రేన్‌ను తెల్ల యువకులు పొడిచి చంపారు. ఆ హత్యకు ఇప్పటివరకు ఎవరికీ శిక్ష పడలేదు. అంత్యక్రియలకు వెయ్యిమందికి పైగా వచ్చారు.

జోన్స్ కార్నివాల్ ఏటా జరిగింది గాని నాలుగు గోడల మధ్యే. 1964 డిసెంబరులో ఆమె చనిపోయింది. లండన్ హైగేట్ శ్మశానంలో కార్ల్ మార్క్స్ సమాధి పక్కన ఆమె సమాధి ఉంది.

వీధిలోకి తెచ్చింది ఇంకొకరు. రోన్ లాస్లెట్ నాటింగ్ హిల్‌లో పేదల కోసం పనిచేసే సామాజిక కార్యకర్త. 1966లో ఆమె పిల్లల కోసం ఒక వీధి సంబరం తలపెట్టింది. ఐరిష్, ఉక్రెయిన్, ఆఫ్రికన్, కరీబియన్, అక్కడున్న అందరూ రావాలనుకుంది. రస్సెల్ హెండర్సన్ స్టీల్‌పాన్ బృందాన్నీ పిలిచింది. హెండర్సన్ 1951లో పియానో శ్రుతి చేయడం నేర్చుకోవడానికి లండన్ వచ్చినవాడు. అతని తోటి వాద్యకారుడు స్టెర్లింగ్ బెటాన్‌కోర్ట్ అదే ఏడాది 'ఫెస్టివల్ ఆఫ్ బ్రిటన్' అనే జాతీయ ఉత్సవంలో వాయించడానికి ట్రినిడాడ్ బృందంతో వచ్చి, ఇక్కడే ఉండిపోయాడు. ఆ రోజు వాళ్లు ఒకచోట నిలబడి వాయించడంతో ఆగలేదు. పాన్‌లు మెడకు తగిలించుకుని వీధుల్లోకి నడిచారు. ఇళ్లలోంచి కరీబియన్ జనం బయటికొచ్చి వెనకే నడిచారు. ఎనిమిదేళ్ల కిందట తలుపులు గడియపెట్టుకుని కూర్చోవలసి వచ్చిన వీధులవి.

కార్నివాల్‌కు తల్లి జోన్సా, లాస్లెట్టా అన్న వాదం ఇంకా నడుస్తూనే ఉంది. నాకైతే ఆ తగాదాలో హెండర్సన్ మరుగున పడిపోతున్నాడనిపిస్తుంది. కార్నివాల్ అనే తలంపు జోన్స్‌ది, చోటు లాస్లెట్‌ది, కానీ పండుగను నడిపించింది మెడకు తగిలించిన ఆ పాన్.

1973లో ట్రినిడాడ్ మూలాలున్న యువ ఉపాధ్యాయుడు లెస్లీ పామర్ నిర్వహణ చేపట్టాడు. వేషాల బృందాలను పెంచాడు, పెద్ద పెద్ద స్పీకర్లతో రికార్డులు మోగించే జమైకా తరహా సౌండ్ సిస్టమ్‌లను రప్పించాడు. తమ దీవి పాటైన కాలిప్సో, పాన్ తప్ప మరొకటి కార్నివాల్ కాదనుకునే ట్రినిడాడ్ పెద్దల్లో కొందరికి ఇది నచ్చలేదు. కానీ లండన్‌లో పుట్టి జమైకా సంగీతం రెగే వింటూ పెరిగిన పిల్లలు వచ్చారు, మూడేళ్లలో వేలమంది జాతర లక్షల్లోకి పెరిగింది. ఒక్క దీవి పండుగ కరీబియన్ అందరిదీ అయింది ఇక్కడే.

జనం పెరిగేకొద్దీ ఫిర్యాదులు, స్టేడియానికి తరలించాలన్న మాటలూ పెరిగాయి. 1976లో సుమారు 3,000 మంది పోలీసులను దించారు. ఆ రోజుల్లో 1824 నాటి దేశదిమ్మరుల చట్టంలోని 'సస్' నిబంధన కింద, అనుమానం పేరు చెప్పి నల్ల యువకులను ఎక్కడంటే అక్కడ పట్టుకునేవారు. నాటింగ్ హిల్ ఆల్ సెయింట్స్ రోడ్డులో ఫ్రాంక్ క్రిచ్‌లో నడిపే కరీబియన్ రెస్టారెంట్ మాంగ్రోవ్ మీద పోలీసుల పదేపదే దాడులు, దానికి నిరసనగా 1970లో ఊరేగింపు, తొమ్మిదిమంది మీద కేసు, 55 రోజుల విచారణ, అల్లరి అభియోగం నుంచి అందరికీ విముక్తి, ఇదంతా జనం మరిచిపోలేదు. 1976 ఆగస్టు 30 సాయంత్రం జేబుదొంగ అంటూ ఒకరిని పట్టుకోబోతే నిప్పు రాజుకుంది. వందమందికి పైగా పోలీసులు ఆసుపత్రి పాలయ్యారు. వాళ్ల చేతుల్లో డాళ్లు లేవు, చెత్తడబ్బా మూతలు అడ్డం పెట్టుకున్నారు. మరుసటి ఏడాది నుంచే బ్రిటన్ వీధుల్లో పోలీసు డాళ్లు కనిపించడం మొదలైంది.

ఆ తర్వాత, మాంగ్రోవ్ కేసు తొమ్మిదిమందిలో ఒకడైన డార్కస్ హౌ లాంటివాళ్లు నిర్వహణ సంఘాల్లో నిలబడి, పండుగను వీధిలోంచి కదలనివ్వలేదు. నేర వార్తలు రాని ఏడాది లేదు, నిషేధించాలనే సంపాదకీయాలు రాని ఏడాదీ లేదు. అయినా అది ఆగలేదు. 2020, 2021లో మాత్రం కోవిడ్ వల్ల వీధులు ఖాళీగా ఉన్నాయి.

పార్కుకు తరలిస్తే పోయేదేమిటని అడిగేవారికి 2017ను గుర్తుచేస్తాను. ఆ జూన్ 14న, కార్నివాల్ దారికి కాస్త దూరంలోనే గ్రెన్‌ఫెల్ టవర్ అనే బహుళ అంతస్తుల నివాస భవనం కాలిపోయింది. 72 మంది చనిపోయారు. అందులో ఉండేవాళ్లూ, వేషాలు కట్టేవాళ్లూ ఒకే పేటవాళ్లు. ఆ ఆగస్టులో ఆదివారం, సోమవారం మధ్యాహ్నం మూడు గంటలకు సౌండ్ సిస్టమ్‌లన్నీ ఆపేశారు, ఊరేగింపు నిలిచిపోయింది, వేషాల్లో ఉన్నవాళ్లు తలలు వంచుకున్నారు. తర్వాతి ఏడాది ఆ మౌనం 72 సెకన్లు పాటించారు, ఒక్కొక్కరికి ఒక్కో సెకను. అది పాటించిన చోటు వాళ్ల వీధి.