తిమింగలం ఎముక మీద పంటి గాటు: అపోహలు - వాస్తవాలు

శిలాజమైన తిమింగలం ఎముక మీద పంటి గాటు చూపిస్తే చాలు, అందరూ మమ్మల్ని అడిగేది ఒకటే: "మెగలోడాన్ చంపిందా?" మెగలోడాన్ అంటే ఎప్పుడో అంతరించిపోయిన భారీ సొరచేప. ఆ ఒక్క ప్రశ్నలోనే రెండు అపోహలున్నాయి.

అపోహ: గాటు ఉందంటే సొరచేప వేటాడి చంపినట్టే.

వాస్తవం: కొరికిందని తప్ప గాటు ఇంకేమీ చెప్పదు. చచ్చి తేలుతున్న తిమింగలాన్ని సొరచేపలు ఇప్పటికీ వదలవు. ప్రాణంతో ఉండగానే కొరికిందని ఖాయంగా చెప్పాలంటే ఆ గాయం మానడం మొదలై ఉండాలి. చచ్చిన జంతువు ఎముక మానదు.

అందుకే అమెరికాలోని నార్త్ కరోలినాలో, ఒక ఫాస్ఫేట్ గనిలో దొరికిన పక్కటెముక ముక్క అంటే నాకు అంత అపురూపం. దాని వయసు 30-40 లక్షల ఏళ్లు. దాని మీద సుమారు 6 సెంటీమీటర్ల ఎడంతో మూడు పంటి గుర్తులున్నాయి. చుట్టూ కొత్త ఎముక గరుగ్గా అల్లుకుని ఉంది. మన చెయ్యి విరిగినప్పుడు కూడా ముందు పుట్టేది ఇలాంటి ఎముకే, గట్టిపడేది తర్వాత. ఇక్కడ అది గట్టిపడే దాకా రాలేదు. దాన్నిబట్టి కాటు పడ్డాక ఆ తిమింగలం 2 నుంచి 6 వారాలు బతికిందని 2012లో వచ్చిన పరిశోధన తేల్చింది. ఆ కొద్ది వారాల బాధ ఇన్ని లక్షల ఏళ్ల తర్వాత కూడా ఎముకలో చదవగలుగుతున్నాం. చేతిలోకి తీసుకున్న ప్రతి ఎముకలోనూ నేను ముందు వెతికేది ఆ గరుకుదనం కోసమే.

అపోహ: పెద్ద గాట్లన్నీ మెగలోడాన్‌వే, అది భారీ తిమింగలాల్నే తినేది.

వాస్తవం: పై పక్కటెముకను కొరికిన సొరచేప పొడవు 4 నుంచి 8 మీటర్లని అంచనా. పూర్తిగా ఎదిగిన మెగలోడాన్ అంతకంటే చాలా పెద్దది. పెరూలోని పిస్కో రాళ్లలో ఒక తిమింగలం దవడలో ఇరుక్కుపోయిన పన్ను దొరికింది. అది నేటి గ్రేట్ వైట్ షార్క్ వంశానిది. అదే పిస్కో రాళ్లలో మెగలోడాన్‌వని భావిస్తున్న గాట్లు కనిపించిన పిస్కోబలైనా సుమారు 5 మీటర్ల చిన్న తిమింగలం.

అపోహ: గీత కనిపిస్తే అది పంటి గాటే.

వాస్తవం: రంపపు అంచున్న పన్ను ఎముక మీద జారితే సన్నటి గీతలు దువ్వెనతో గీసినట్టు పక్కపక్కనే పడతాయి. పాత గాటు లోపలి రంగు మిగతా ఎముక రంగులోనే ఉంటుంది. లోపల లేతగా, కొత్తగా కనిపిస్తే అది చాలావరకు తవ్వేటప్పుడు మన పనిముట్టు తగిలిన దెబ్బే.