నెల తప్పాక మొదలుపెడితే చాలా? ఫోలిక్ యాసిడ్: అపోహలు - వాస్తవాలు

మొన్న ఓపీలో ఒకమ్మాయి కవరు బోర్లించి మందుల షీట్లన్నీ బల్ల మీద పరిచింది. రెండో నెల నిండింది. "ఫోలిక్ యాసిడ్ ఎప్పట్నుంచి వేసుకుంటున్నావమ్మా?" అంటే, "స్కానింగులో గుండె చప్పుడు వినపడ్డాక మొదలుపెట్టమన్నారు మేడమ్ మా అత్తయ్య" అంది. కాన్పుల డాక్టరుగా నేను తరచూ వినే మాటే ఇది.

అపోహ: గర్భం ఖాయమయ్యాక వేసుకోవచ్చు.

వాస్తవం: బి9 అనే ఈ విటమిన్‌కు అసలు పని అంతకు ముందే ఉంటుంది. బిడ్డ మెదడు, వెన్నుపాము మొదట్లో ఒక పలుచని రేకులా ఉంటాయి. కజ్జికాయ అంచులు మడిచి అతికించినట్టు ఆ రేకు అంచులు పైకి లేచి, గొట్టంలా అతుక్కోవాలి. ఇదంతా గర్భం నిలిచిన 28 రోజుల్లోనే, అంటే నెల తప్పిన రెండు వారాలకే అయిపోతుంది. ఎక్కడైనా అతుక్కోకపోతే వెన్ను తెరుచుకుని పుట్టే స్పైనా బైఫిడా లాంటి లోపాలు వస్తాయి. రక్తంలో ఫోలేట్ (ఒంట్లో, తిండిలో ఉండే ఇదే బి9) పెరగడానికి వారాలు పడుతుంది. అందుకే పిల్లలు కావాలనుకున్నప్పుడే, కనీసం నెల ముందు నుంచి, వీలైతే మూడు నెలల ముందు నుంచి రోజుకు 400 మైక్రోగ్రాములు మొదలుపెట్టి, మూడో నెల నిండేదాకా వేసుకోవాలి. అలాగని వేసుకోని ప్రతి తల్లికీ ఇలా జరుగుతుందని కాదు. ఆ అమ్మాయికీ అదే చెప్పి, ఐదో నెల స్కానింగు మాత్రం తప్పించుకోవద్దన్నాను.

అపోహ: తోటకూర, పెసలు తింటున్నాం, మాత్రెందుకు?

వాస్తవం: తినండి, మంచిదే. కానీ ఆకుకూర ఉడికించి నీళ్లు వార్చేస్తే ఫోలేట్ చాలావరకు ఆ నీళ్లతోనే పోతుంది. మిగిలిందీ మాత్రలోదంత బాగా ఒంటబట్టదు.

అపోహ: 5 మిల్లీగ్రాములదైతే ఇంకా మంచిది.

వాస్తవం: మందుల షాపులో ఎక్కువగా చేతికొచ్చేది ఇదే. 400 మైక్రోగ్రాములకు ఇది పన్నెండున్నర రెట్లు. ముందు బిడ్డకు వెన్ను లోపం ఉన్నవాళ్లకు, వాల్‌ప్రోయేట్ లాంటి ఫిట్స్ మందులు వాడేవాళ్లకు, షుగరు ఉన్నవాళ్లకు మేమే ఇంత మోతాదు రాస్తాం. (ఫిట్స్ మందు మాత్రం మీకు మీరు ఆపకండి.) ఊరికే ఎక్కువ మోతాదులో వాడితే బి12 అనే మరో విటమిన్ లోపం మరుగున పడే ప్రమాదం ఉంది. రక్తహీనత సర్దుకున్నట్టు కనిపిస్తుంది, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. శాకాహారులు, షుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ మాత్ర వాడుతున్నవాళ్లు ఒకసారి బి12 చూపించుకోవాలి.

అపోహ: ఈ మాత్రలు వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుంది.

వాస్తవం: నల్లబడేది విరేచనం, అదీ ఐరన్ వల్ల. నాలుగో నెల నుంచి ఆశా కార్యకర్త ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. బిడ్డ రంగు అమ్మానాన్నల పోలిక.

అపోహ: విటమినేగా, ఇంట్లో ఎవరి షీటులోదైనా ఒకటే.

వాస్తవం: నన్ను నిజంగా భయపెట్టేది ఇదే. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడేవాళ్లకు దాంతోపాటు ఫోలిక్ యాసిడ్ కూడా రాస్తారు. తరచూ రెండూ చిన్న పసుపు మాత్రలే. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకోవాలి, ఫోలిక్ యాసిడ్ మిగతా రోజుల్లో. ఇవి తారుమారై మెథోట్రెక్సేట్ రోజూ పడితే నోరు పూస్తుంది, ఎముక మూలుగ దెబ్బతింటుంది, ప్రాణమే పోవచ్చు. గర్భిణి మింగితే గర్భస్రావం, పిండంలో లోపాలు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలోని లెడర్లీ సంస్థలో 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. మెథోట్రెక్సేట్ కూడా అదే బృందం పనిలోంచి వచ్చింది. రెండింటి అణువుల రూపం దగ్గరదగ్గరగా ఉంటుంది, మెథోట్రెక్సేట్‌ను ఫోలేట్ అనుకుని కణం మోసపోయేది అక్కడే.

ఆ అమ్మాయి పరిచిన షీట్లలో అత్తగారి మెథోట్రెక్సేట్ కూడా ఒకటి ఉంది. అదృష్టం, అందులోంచి తను ఒక్కటీ వేసుకోలేదు. అత్తగారికి ఫోన్ చేయించి ఏ రోజు వేసుకుంటారో అడిగి, షీటు వెనక "ఆదివారం మాత్రమే" అని పెన్నుతో రాసి, వేరే కవర్లో పెట్టి పంపాను.