కాలేజీ బస్సు ఊళ్లోకి ఎందుకొస్తోంది?

మెడికల్ కాలేజీ దగ్గర్లో ఉన్న ఊళ్లలో, అంటే దక్షిణ ఒడిశాలో ఇటు కోరాపుట్ పక్కన, అటు బరంపురం పక్కన, కొన్నేళ్లుగా కొత్త హడావిడి మొదలైంది. బస్సు ఆగుతుంది, తెల్లకోట్లు వేసుకున్న ఫస్టియర్ పిల్లలు దిగుతారు, ఇళ్లు పంచుకుంటారు, బీపీ చూస్తారు, ఇంట్లో ఎంతమంది, తాగే నీళ్లెక్కడివి, పొయ్యి కట్టెలదా గ్యాసుదా అని అడిగి రాసుకుని వెళ్లిపోతారు. మన తెలుగువాళ్ల వీధుల్లో ముసలమ్మలు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఏం రాస్తన్నావమ్మా, పింఛనుకా?" పాపం ఆ పిల్లకి కూడా ఎందుకు రాస్తున్నదీ పూర్తిగా తెలిసి ఉండదు, ఫారం నింపి సారు దగ్గర సంతకం పెట్టించుకోవాలని మాత్రం తెలుసు.

దీన్ని ఫ్యామిలీ అడాప్షన్ ప్రోగ్రామ్ అంటున్నారు. నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో పెట్టింది. ఎంబీబీఎస్‌లో చేరినప్పటి నుంచే ఒక్కో విద్యార్థి కొన్ని కుటుంబాలను తీసుకుని, చదువు సాగినన్నాళ్లూ వాళ్ల ఆరోగ్యాన్ని గమనిస్తూ ఉండాలి. వినడానికి బాగుంది. కొత్త ఆలోచనలా కూడా అనిపిస్తుంది, కానీ దీని వయసు ఎనభై ఏళ్లు. ఎనభై ఏళ్లలో పేర్లు, కమిటీలు, నెలల లెక్కలు మారాయి గానీ ఒక ప్రశ్న మాత్రం అలాగే మిగిలిపోయింది: పిల్లల్ని ఊరికి పంపుతారు సరే, అక్కడ వాళ్లకి నేర్పేదెవరు?

వెనక్కి వెళ్తే మొదట తగిలేది భోర్ కమిటీ. జయపురం ఏజెన్సీకి చెందిన స్వాతంత్ర్య సమరయోధుడు లక్ష్మణ నాయక్‌ను బరంపురం జైల్లో ఉరితీసింది 1943 మార్చిలో, అదే ఏడాది బ్రిటిష్ ప్రభుత్వం సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఈ ఆరోగ్య కమిటీ వేసింది. 1946లో రిపోర్టు వచ్చింది. డాక్టరంటే మందు రాసేవాడు మాత్రమే కాకూడదు, రోగం రాకముందే ఊరిని కాచుకునేవాడై ఉండాలని, అందుకోసం చదువులో మూడు నెలలు ప్రివెంటివ్ అండ్ సోషల్ మెడిసిన్ శిక్షణ ఉండాలని చెప్పింది. ప్రైమరీ హెల్త్ సెంటర్ ఆలోచనకి దేశమంతటికీ ఒక రూపం ఇచ్చింది కూడా ఆ రిపోర్టే. దూరపు లక్ష్యంగా వాళ్లు గీసిన పీహెచ్‌సీ ఎలా ఉంటుందంటే, పది ఇరవై వేల మందికి ఒకటి, 75 పడకలతో. ఇప్పుడు మన బ్లాకుల్లో ఉన్న పీహెచ్‌సీలో ఆరు మంచాలుంటే గొప్ప, కాబట్టి ఈ అంకె చదివితే నవ్వాలో ఏడవాలో తెలీదు.

అదే కమిటీ ఇంకో పని చేసింది, మన ప్రాంతానికి దాని దెబ్బ బాగా తగిలిందని నా అభిప్రాయం. అప్పట్లో ఎల్‌ఎంపీలని ఉండేవాళ్లు, తక్కువ ఏళ్ల కోర్సు చదివిన లైసెన్షియేట్ డాక్టర్లు. దేశంలో ఎక్కువమంది డాక్టర్లు వాళ్లే. ఆ కోర్సు ఎత్తేసి ఎంబీబీఎస్ ఒక్కటే ఉంచాలని కమిటీలో ఎక్కువమంది అన్నారు, కొందరు సభ్యులు మాత్రం ఇప్పుడప్పుడే వద్దని అసమ్మతి రాశారు. ఎక్కువమంది మాటే నెగ్గింది. చిన్న ఊరికి వెళ్లి ఉండే డాక్టరు తగ్గిపోతే ఆ ఖాళీ ఎవరు నింపాలి? ఎంబీబీఎస్ పిల్లల్నే ఊరి వైపు తిప్పాలి. విద్యార్థుల్ని ఊరి ఆసుపత్రులకు పంపే పోస్టింగుల గొడవంతా ఇక్కడే మొదలైంది.

ఈ జిల్లాల పరిస్థితి అప్పటికి ఎలా ఉందో కూడా చూడాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా కోరాపుట్ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లా కింద ఉండేది, గంజాం కూడా మద్రాసుదే. దగ్గర్లో మెడికల్ కాలేజీ అంటే 1923లో పెట్టిన విశాఖ కాలేజీ. రాష్ట్రం మారింది గానీ దారి మారలేదు, ఇవాళ్టికీ రాయగడలో కేసు సీరియస్ అయితే చాలామంది నోటికొచ్చే మాట "కేజీహెచ్‌కి తీసుకుపోండి" అనే, అంటే విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రికి. ఒడిశా వైపు 1944లో కటక్‌లో, 1959లో బుర్లాలో, 1962లో బరంపురంలో కాలేజీలు వచ్చాయి. బరంపురం కాలేజీకి పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరు పెట్టారు. కోరాపుట్‌కి మాత్రం 2017 దాకా ఏదీ లేదు, అప్పుడొచ్చిన కాలేజీకే లక్ష్మణ నాయక్ పేరు. అంటే మలేరియా, సికిల్ సెల్, పోషకాహార లోపం అన్నీ ఒకే మంచం మీద కనిపించే ప్రాంతంలో అన్నేళ్లపాటు మెడికల్ స్టూడెంటే లేడు.

ఇక పథకాల సంగతి. 1952 నుంచి కమ్యూనిటీ డెవలప్‌మెంట్ బ్లాకులతోపాటు పీహెచ్‌సీలు రావడం మొదలైంది. 1955లో ఢిల్లీలో జరిగిన వైద్యవిద్య సదస్సు ప్రతి కాలేజీలోనూ ప్రివెంటివ్ అండ్ సోషల్ మెడిసిన్‌కి విడిగా డిపార్ట్‌మెంట్ ఉండాలంది. మన వైపు పిల్లలు ఎస్‌పీఎం అంటారే, అదే. డిపార్ట్‌మెంట్లయితే వచ్చాయి, కానీ కాలేజీలో దాని పరువు ఎంతంటే, సర్జరీ సారు ఎదురొస్తే లేచి నిలబడే స్టూడెంటు ఎస్‌పీఎం సారు ఎదురొస్తే హాజరు గురించి అడుగుతాడు. మరుగుదొడ్డి బొమ్మలు, ఈగ జీవితచక్రం గీయించే సబ్జెక్టుగా మిగిలిపోయింది.

1975లో శ్రీవాస్తవ కమిటీ వచ్చి అసలు రోగం ఎక్కడుందో పట్టుకుంది. పెద్దాసుపత్రిలో చదివినవాడు పెద్దాసుపత్రికే పనికొస్తాడని గట్టిగానే చెప్పింది. దాని ఫలితంగా 1977లో రోమ్ పథకం, రీఓరియంటేషన్ ఆఫ్ మెడికల్ ఎడ్యుకేషన్. ఒక్కో కాలేజీ మూడేసి పీహెచ్‌సీల బాధ్యత తీసుకోవాలి, మొబైల్ క్లినిక్ బండ్లలో ప్రొఫెసర్లూ విద్యార్థులూ కలిసి వెళ్లాలి. ప్రొఫెసర్ కూడా వెళ్లాలనడమే ఇందులో గొప్ప విషయం, అది పడుకోవడానికీ అదే కారణం. మెడిసిన్ ప్రొఫెసర్‌కి వార్డుంది, యూనిట్ ఉంది, సాయంత్రం ప్రాక్టీసుంది, ఆయన బండెక్కి గుంతల రోడ్డు మీద ఎందుకెళ్తాడు? అసిస్టెంట్‌ను పంపాడు, అసిస్టెంట్ ట్యూటర్‌ను పంపాడు, తర్వాత డీజిల్‌కి డబ్బుల్లేక బండి షెడ్డులో కూర్చుంది. చాలా కాలేజీల్లో రోమ్ కథ ఇంతే.

ఇది ఎక్కడా కుదరలేదని మాత్రం కాదు. కలకత్తా దగ్గర సింగూరులో స్వాతంత్ర్యానికి ముందే శిక్షణ కోసం ఒక గ్రామీణ ఆరోగ్య కేంద్రం నడిచింది. ఢిల్లీ ఎయిమ్స్ 1965 నుంచి హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో ఒక ప్రాంతాన్ని చేతిలోకి తీసుకుంది, హౌస్‌సర్జన్లు, అంటే ఎంబీబీఎస్ చివర ఇంటర్న్‌షిప్ చేసేవాళ్లు, అక్కడే ఉండి పనిచేస్తారు. మహారాష్ట్రలో సేవాగ్రామ్ కాలేజీని సుశీలా నయ్యర్ 1969లో మొదలుపెట్టినప్పటి నుంచి ప్రతి బ్యాచ్ ఒక ఊరిని దత్తత తీసుకుంటుంది, ఊళ్లోనే క్యాంపు వేసుకుని ఉంటుంది, ఒక్కో విద్యార్థి కొన్ని ఇళ్ల బాగోగులు చూస్తాడు. 2022 నాటి ఫ్యామిలీ అడాప్షన్ చదివితే సేవాగ్రామ్ గుర్తురాక మానదు.

మన పక్కనే ఇంకో ఉదాహరణ ఉంది, రాయగడ జిల్లా బిస్సంకటక్. నియమగిరి కొండల కింద 1954లో డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఎలిజబెత్ మాడ్సెన్ మొదలుపెట్టిన క్రిస్టియన్ హాస్పిటల్. వెల్లూరు సీఎంసీలో (క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో) చదివినవాళ్లు రెండేళ్లు మిషన్ ఆసుపత్రుల్లో పనిచేయాలన్న ఒప్పందం మీద చేరతారు కాబట్టి అలాంటి డాక్టర్లు ఇక్కడికీ వస్తూ ఉంటారు. సేవాగ్రామ్‌కీ, బల్లభ్‌గఢ్‌కీ, దీనికీ కలిసే విషయం చూడండి: నేర్పేవాడు అక్కడే కాపురం ఉంటాడు. కుర్రడాక్టరు రాత్రి రెండింటికి సెరిబ్రల్ మలేరియా పిల్లను చూసి బెదిరిపోతే, తలుపు తట్టడానికి పక్క క్వార్టర్‌లో సీనియర్ ఉంటాడు.

సర్కారీ పీహెచ్‌సీ పోస్టింగ్‌లో ఆ తలుపే లేదు. గుణుపురం వైపు కొండమీది పీహెచ్‌సీ ఏదైనా ఊహించుకోండి. హౌస్‌సర్జన్ కుర్రాడికి ఇంట్లో తెలుగు, కాలేజీలో ఇంగ్లిషు, బయట ఒడియా. ఎదురుగా కూర్చున్న పెద్దావిడకి సవర భాష తప్ప రాదు. మధ్యలో అటెండరు. ఆవిడ రెండు నిమిషాలు చేతులు తిప్పుతూ, కడుపు చూపిస్తూ, కొండ వైపు చూపిస్తూ చెబుతుంది, అటెండరు "జ్వరమంట సార్" అంటాడు. వేలి నుంచి చుక్క రక్తం తీసి మలేరియా చూసే ఆర్‌డీటీ చీటీ మీద వేస్తారు, పావుగంట ఆగుతారు, రెండో గీత రాలేదు, అంటే మలేరియా కాదు, పారాసెటమాల్. ఆవిడ ఎన్నాళ్లుగా తినడం లేదో, మనవడికి కూడా ఇలాగే ఉందో, కొండ వైపు ఎందుకు చూపించిందో రిజిస్టర్లోకి ఎక్కదు. ఆ పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్ చెడ్డవాడేం కాదు, ఆయనకి ఓపీ, వీడియో కాన్ఫరెన్సు, పోస్ట్‌మార్టం, మమతా దివస్ (ఊళ్లో తల్లీపిల్లల ఆరోగ్య దినం) రిపోర్టు అన్నీ ఒక్కడే చూసుకోవాలి. పైగా నేర్పమని ఆయన్ని ఎవరూ అడగలేదు, నేర్పినందుకు పైసా ఇచ్చిందీ లేదు. ఊరి గుట్టంతా తెలిసిన ఆశా దీదీ పక్కనే ఉంటుంది, కానీ ఆవిడ దగ్గర నేర్చుకోవచ్చన్న ఆలోచన సిలబస్‌కే రాలేదు.

పిల్లల వైపు నుంచి చూస్తే వాళ్ల లెక్క వాళ్లది. ఇంటర్న్‌షిప్ ఏడాదంటే పీజీ ఎంట్రన్స్ చదువు ఏడాది. మెడికల్ కౌన్సిల్ 1997 నిబంధనల్లో కమ్యూనిటీ మెడిసిన్‌కి (ఎస్‌పీఎంకే ఇంకో పేరు) రెండు నెలలుండేవి, 2021 నిబంధనల్లో 12 వారాలయ్యాయి. ఆ వారాలు చాలామందికి బుక్కులు ముందేసుకునే వారాలు, సంతకం సంగతి ఎలాగోలా చూసుకుంటారు. ఈ విషయం అందరికీ తెలుసు, ఎవరూ కాగితం మీద పెట్టరు. 2007లో అప్పటి ఆరోగ్యమంత్రి అన్బుమణి రామదాసు ఒక ఏడాది గ్రామీణ సేవ కలపాలంటే దేశమంతా మెడికోలు రోడ్డెక్కారు. వాళ్లని స్వార్థపరులని తిట్టడం తేలిక. కానీ పైన చెప్పిన పీహెచ్‌సీలో ఒంటరిగా ఏడాది కూర్చోమంటే ఎవరికైనా టెన్షనే కదా. మల్కనగిరికి ఆనుకుని ఉన్న ఛత్తీస్‌గఢ్ ఇంకో దారి పట్టింది, 2001లో మూడేళ్ల కోర్సు పెట్టి ఎల్‌ఎంపీని ఒకరకంగా మళ్లీ తెచ్చింది. అదీ కొన్నేళ్లకే మూతపడింది, చదివినవాళ్లు మాత్రం రూరల్ మెడికల్ అసిస్టెంట్లుగా పీహెచ్‌సీల్లో పనిచేశారు.

ఇప్పుడు నడుస్తున్నది డిస్ట్రిక్ట్ రెసిడెన్సీ ప్రోగ్రామ్. ఎండీ, ఎంఎస్ చదివే పీజీలు మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలని 2020లో నోటిఫై చేశారు. నా లెక్కలో ఇప్పటిదాకా వచ్చినవాటిలో ఇది కాస్త నయం, ఎందుకంటే వచ్చేది ఫారం నింపే ఫస్టియర్ పిల్ల కాదు, పని తెలిసిన డాక్టరు. అనస్థీషియా పీజీ ఒకరు వస్తే ఆ మూడు నెలలూ జిల్లా ఆసుపత్రిలో సిజేరియన్లు ఆగకుండా జరిగే వీలుంటుంది. కాకపోతే జిల్లా ఆసుపత్రి వాళ్లు అతన్ని ఖాళీ పోస్టులో వచ్చిన మనిషిగా చూస్తారు, అతనేమో కాలేజీలో తన థీసిస్ ఆగిపోతోందని చూస్తాడు. శిక్షణ అన్న మాట ఇద్దరి మధ్యలో జారిపోతుంది.

మొదట్లో 100 పడకలున్న ఆసుపత్రికే పంపాలన్నారు. 2023 నిబంధనల్లో దాన్ని 50కి తగ్గించారు. అంటే రాయగడ, కోరాపుట్ జిల్లా ఆసుపత్రులు దాటి గుణుపురం లాంటి సబ్‌డివిజనల్ ఆసుపత్రుల దాకా పీజీలు వచ్చే దారి తెరుచుకున్నట్టే. వస్తే మంచిదే. వాళ్లకి ఉండటానికి గది, పక్కన కూర్చుని కేసు మాట్లాడే స్పెషలిస్టు, సవరో, కోంధుల కువీ భాషో వచ్చిన ఒక నర్సుని ఓపీలో కుదురుగా కూర్చోబెట్టడం, ఈ మూడింటి ఖర్చు కాలేజీదా, జిల్లా ఆరోగ్య శాఖదా అన్నది ముందు తేల్చాలి.