గిద్దెడు ఆవిరి పట్టని ఊరు

పోయిన జనవరిలో సైబీరియాలోని యాకుత్స్క్ వెళ్ళొస్తానని చెప్పగానే చెన్నైలో మావాళ్ళంతా అడిగింది ఒకటే: "ఎందుకు?" పై వాటా పిన్నిగారు మాత్రం వేరే ప్రశ్న వేశారు. ఆవిడది నెల్లూరు. పెరంబూరుకొచ్చి నలభై ఏళ్ళయినా మాట మాత్రం పెన్నా ఒడ్డునే ఉండిపోయింది. ఫోనులో ఆ ఊరి ఫొటో ఒకటి చూపించాను. వీధి నిండా తెల్లటి పొగమంచు. ఎదురొచ్చే బస్సుకు దీపాలున్నాయి, బస్సు లేదు. ఆవిడ కాసేపు చూసి, "అంత చలికి నీళ్ళన్నీ గడ్డకట్టుకొని పోతాయి గదా. ఇంక పొగమంచు యాడనుంచి వస్తాది నాయనా?" అన్నారు.

జవాబు చెప్పబోయి ఆగిపోయాను. ఆవిడ అడిగింది సరైన చోట. అక్కడి గాలిలో నీటి ఆవిరి దాదాపు శూన్యం. చెన్నైలో ఏ సాయంత్రమైనా గాలిలో దానికి ఆరు వందల రెట్లు ఆవిరి ఉంటుంది. అయినా మెరీనాలో నిలబడితే హార్బరు దాకా కనిపిస్తుంది. అక్కడ ఎదురింటి తలుపు కనపడదు.

ఎలా వెళ్ళాలి, వీసా సంగతేమిటి, ఎన్ని జతల సాక్సు తొడుక్కోవాలి లాంటివి ఇందులో రాయను. ఊరి గురించి నాలుగు ముక్కలు చెబితే చాలు. రష్యాలో సఖా రిపబ్లిక్ రాజధాని. 1632లో లేనా నది కుడి ఒడ్డున కోటగా మొదలై, తరవాత ఎడమ ఒడ్డుకు మారింది. ఇప్పుడు మూడు లక్షల పైచిలుకు జనం. జనవరి సగటు మైనస్ 38 డిగ్రీల దరిదాపు. 1891 ఫిబ్రవరిలో మైనస్ 64.4 నమోదైంది. కింద నేల ఎప్పుడూ గడ్డకట్టే ఉంటుంది. షెర్గిన్ అనే వ్యాపారి 1828లో బావి తవ్వించడం మొదలుపెట్టి 1837 దాకా ఆపలేదు. 116 మీటర్లు దిగినా నీరు పడలేదు, గడ్డకట్టిన మట్టే. బోరు వేయించి మోసపోయిన చెన్నైవాసిగా ఆయన మీద నాకు ప్రత్యేకమైన సానుభూతి.

ఇక అసలు సంగతి. మొదటి రోజు పొద్దున మైనస్ 50. పది నిమిషాలు నడిచి ఒక కొట్టులోకి దూరాను. తలుపు వేసేలోపే కళ్ళు పోయాయి. కళ్ళజోడు తీసి చూస్తే అద్దం మీద తడి లేదు, తెల్లటి పొర. గోటితో గీకితే పొడిలా రాలింది. అంచుల నుంచి నడుమకు ఫెర్న్ ఆకుల్లాంటి చారలు పాకుతున్నాయి. అద్దం సున్నా కంటే బాగా చల్లగా ఉండడంతో కొట్టులోని ఆవిరి నీరుగా మారే మజిలీ ఎగ్గొట్టి నేరుగా మంచయింది. నిమిషం తరవాత ఆ పొర కరిగి బొట్లయింది. మరి కాసేపటికి ఆరింది. మూడంకాల నాటకం. చెన్నైలో ఏసీ కారు దిగినప్పుడు మనం చూసేది రెండో అంకం నుంచే. (కెమెరా తీసుకెళ్ళేవారు లోపలికి వచ్చేముందు దాన్ని ప్లాస్టిక్ సంచిలో మూతికట్టండి, ఈ నాటకం సంచి మీద ఆడుతుంది. లోహపు ఫ్రేము కళ్ళజోడు మాత్రం వద్దు. నా చెవి వెనక గుర్తు ఇంకా ఉంది.)

పిన్నిగారి వంటింట్లో ఇప్పటికీ ఇత్తడి కొలతలున్నాయి. బియ్యం కొలిచేది సోలతోనే. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. కిందికి దిగితే సోలలో సగం అరసోల, అందులో సగం గిద్దె. అంతా సగాల లెక్క. ఆవిరి సంగతి చెప్పడానికి ఇంతకంటే మంచి సామగ్రి నాకు దొరకలేదు. ఒక ఘనపు మీటరు చోటులో 30 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి గరిష్ఠంగా 30 గ్రాములు ఉండగలదు. దాన్ని మానిక అనుకోండి. 20 డిగ్రీలకు దిగితే 17 గ్రాములు, అంటే తవ్వ కాస్త ఎక్కువ. 10 డిగ్రీలకు తొమ్మిది చిల్లర, సోల. సున్నా దగ్గర ఐదుకు కొంచెం తక్కువ, అరసోల. మైనస్ 10కి రెండు గ్రాములు, గిద్దె. పది డిగ్రీలకో మెట్టు, మెట్టుకో సగం. పిన్నిగారి కొలతలు ఇక్కడితో అయిపోయాయి. మెట్లు మాత్రం అయిపోలేదు, పైగా ఇక్కణ్ణుంచి ఇంకా నిటారు. మైనస్ 20కి 0.9, మైనస్ 30కి మూడో వంతు గ్రాము, మైనస్ 40కి 0.12, మైనస్ 50కి 0.04 కూడా లేదు. గిద్దెలో యాభయ్యో వంతు. వేళ్ళకంటిన నాలుగు గింజలు.

ఇక్కడో తగాదా పెట్టుకోవాలి. గాలి స్పాంజి లాంటిదని, వేడెక్కితే ఎక్కువ నీళ్ళు పీలుస్తుందని బడిలో చెబుతారు. నేనూ ట్యూషన్లు చెప్పే రోజుల్లో అలాగే చెప్పాను, ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. ఈ కథలో గాలి పాత్ర దాదాపు లేదు. గాలంతా తోడేసినా లెక్క ఇంచుమించు అదే. నీటి మీదనుంచో మంచు మీదనుంచో అణువులు ఎగిరిపోతుంటాయి, వచ్చి వాలుతుంటాయి. ఎగరడానికి శక్తి కావాలి. చలిలో ఆ శక్తి ఉన్నవి బహు కొద్ది. పోయేవీ వచ్చేవీ సమానమైన చోట ఆవిరి నిలకడ పడుతుంది. నా మానిక, గిద్దె కూడా స్పాంజికి అన్నదమ్ములే, ఒప్పుకుంటాను. కానీ సగాలను గుర్తుపెట్టుకోవడానికి పనికొస్తాయి.

ఇప్పుడు ఆ కొలతలో ఊపిరి వదలండి. ఒక శ్వాసకు అర లీటరు గాలి వస్తుంది. అది ఊపిరితిత్తుల్లో తడిసి వస్తుంది కనుక అందులో సుమారు 15 మిల్లీగ్రాముల ఆవిరి ఉందనుకుందాం. మైనస్ 50 దగ్గర ఘనపు మీటరుకు పట్టేది 38 మిల్లీగ్రాములు. అంటే బొత్తిగా పొడిగా ఉన్న గాలైనా రెండున్నర శ్వాసలకు నిండిపోతుంది. మూడో శ్వాస పూర్తయ్యేసరికి మిగిలిందంతా కంటికి కనపడాల్సిందే. అదే చెన్నైలో 30 డిగ్రీలు, 75 శాతం తేమ అనుకోండి. ఘనపు మీటరులో ఏడున్నర గ్రాములకు ఇంకా చోటుంది. మనం పీల్చేదీ తడిగాలే కనుక శ్వాసకు నికరంగా కలిపేది ఏడు మిల్లీగ్రాములు. నింపాలంటే వెయ్యి శ్వాసలు పైన. తెల్లవార్లూ కబుర్లాడినా మెరీనాలో పొగమంచు పుట్టించలేం.

ఊపిరి సరే, కార్లు? లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. పెట్రోలులోని హైడ్రోజన్, గాలిలోని ఆక్సిజన్ కలిసి. ఆ వెయ్యి గ్రాములను గిద్దెలో యాభయ్యో వంతు పట్టే గాలిలోకి వదిలితే 26 వేల ఘనపు మీటర్లు నిండుతాయి. పొడవు, వెడల్పు, ఎత్తు తలా 30 మీటర్లు. పదంతస్తుల భవనమంత చోటు ఒక్క లీటరుకు. ఆ ఊళ్ళో చలికాలం కారు బయట ఆపితే ఇంజను ఆపరు, ఆపితే మళ్ళీ స్టార్టవదని. దానికి తోడు కరెంటు కేంద్రాల పొగ, వంటింటి ఆవిరి. పొగమంచు నది మీదనుంచో కొండ మీదనుంచో రాదు. అది ఊరు వదిలిన ఊపిరి. ఊరు దాటి పాతిక కిలోమీటర్లు వెళ్ళాం, ఆకాశం అద్దంలా ఉంది.

మరి గాలి వీస్తే పోదా? వీయదు. ఊరు తుయ్మాద అనే లోయలో ఉంది. శీతాకాలమంతా సైబీరియా మీద అధిక పీడనం తిష్ఠవేస్తుంది. చల్లటి బరువైన గాలి లోయ అడుక్కి చేరుతుంది, దాని మీద కాస్త వెచ్చటి పొర మూతలా కూచుంటుంది. భోగి తెల్లవారుజామున చెన్నైలో ఇలాంటి మూత కిందే పాత సామాన్ల పొగ చిక్కుకుని మీనంబాక్కంలో విమానాలు ఆలస్యమవుతాయి. మనకు ఒక పూట, వాళ్ళకు వారాల తరబడి.

కాస్త సాంకేతికం, ఓపిక లేనివారు దాటేయొచ్చు. సన్నటి శుద్ధమైన నీటిబొట్టు సున్నాకే గడ్డకట్టదు. ఏదో దుమ్ముకణం ఆసరా కావాలి. అది లేకపోతే మైనస్ 20లోనూ నీరుగానే ఉండగలదు. మైనస్ 38 దాటితే ఆసరా అక్కర్లేదు, బొట్టు దానంతటదే గడ్డకడుతుంది. పైగా మైనస్ 40 దగ్గర ద్రవ నీటి మీద సంతృప్త ఆవిరి పీడనం (పోయేవీ వచ్చేవీ సమానమైనప్పుడు ఆవిరి కలిగించే ఒత్తిడి) 0.19 హెక్టోపాస్కల్, మంచు మీద 0.13. పక్కపక్కనే బొట్టు, స్ఫటికం ఉంటే బొట్టు తరిగి స్ఫటికం పెరుగుతుంది. కనుక అక్కడి పొగమంచు నీటిబొట్లది కాదు, మంచు రవ్వలది. పది మైక్రాన్ల (మిల్లీమీటరులో నూరో వంతు) రవ్వ సెకనుకు మూడు మిల్లీమీటర్లు దిగుతుంది, మీటరు దిగడానికి ఐదారు నిమిషాలు. కింద పడేలోపు ఇంకో వంద మంది ఊపిరి వదులుతారు.

ఊపిరి గడ్డకట్టేటప్పుడు చెవి దగ్గర సన్నగా గలగలమంటుంది. యాకుత్‌లు దాన్ని నక్షత్రాల గుసగుస అంటారు. పోతే, ఉమ్మితే నేల తాకేలోపు రాయవుతుందనే మాట అబద్ధం. నేను ప్రయత్నించాను. పడడానికి అర సెకను పడుతుంది, అంతలో ఆ ముద్దలోని వేడి ఎక్కడికి పోతుంది? మరిగే నీళ్ళు విసిరితే తెల్లటి మబ్బు లేచే మాట మాత్రం నిజం. ఆ నీళ్ళు సన్నటి తుంపరలై చెదురుతాయి, కొంత ఆవిరై లేస్తుంది, ఆ ఆవిరికి గాలిలో చోటు లేదు.

అక్కడివాళ్ళ నమ్మకంలో చలి ఒక ఎద్దు. వసంతం వచ్చేకొద్దీ దాని కొమ్ములు ఒక్కొక్కటే రాలిపోతాయి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మనం అనుకోమూ? నేను బస చేసిన ఇంటావిడకు ఫోనులోని అనువాదంతో చెప్పాను. మీ చలి ఎంత ఉంటుందని అడిగింది. 20 డిగ్రీలన్నాను. మైనస్సా అంది. ప్లస్సన్నాను. ఆవిడ చాలాసేపు నవ్వింది.

తిరిగొచ్చి పెరంబూరులో ఏసీ టాక్సీ దిగగానే కళ్ళజోడు మసకబారింది, రెండో అంకం నుంచి. అలాగే గుడ్డిగా మెట్లెక్కి పిన్నిగారి ముందు సోల, గిద్దె పెట్టుకుని కథంతా చెప్పాను. అంతా విని, "మరి గాలికి ఆవిరి పట్టకుంటే గుడ్డలెట్లా ఆరతాయి?" అన్నారు.

చెప్పాను. నా బనియను బాల్కనీలో ఆరేస్తే కాసేపటికే అట్టముక్కలా బిగుసుకుంది. సాయంత్రం ఇంటావిడ తీసి కటకటాలకేసి నాలుగు దెబ్బలు కొట్టింది. తెల్లటి పొడి రాలింది. కొంత మంచు నీరుగా మారకుండానే ఎగిరిపోయింది, కానీ గిద్దెలో యాభయ్యో వంతు లెక్కన బహు నెమ్మదిగా. మిగిలిన తడి ఇంట్లో అరగంటలో ఆరింది. బయటి గాలే లోపలికొచ్చి 22 డిగ్రీలకు వేడెక్కుతుంది కదా. తేమ అతి తక్కువ కనుక లోపల గుడ్డలే కాదు, పెదవులు కూడా ఆరిపోతాయి.

పిన్నిగారు లేచి వరండాలో తీగ మీది తువ్వాలు పట్టుకు చూశారు. నిన్న పొద్దున ఆరేసిందట. నా చేతికిచ్చారు. ఇంకా చెమ్మగానే ఉంది.