గండి పూడ్చడానికి మట్టి ఎక్కడిది?

ముమ్మిడివరం దగ్గరి పల్లె నుంచి ఒక పాఠకురాలు అడిగిన ప్రశ్న ఇది. మిఠాయి కొట్టులో మూకుడు ఒరిగి, మరిగే నూనె మీద పడి ఆమె తమ్ముడికి ఛాతీ, రెండు చేతులు కాలాయి. ఆస్పత్రిలో గుడ్లు, పాలు, ప్రొటీన్ పొడి ఇమ్మన్నారు. ఇంటికి వచ్చాక మాత్రం, పప్పు, గుడ్డు, చేప తింటే పుండు చీము పడుతుందని పెద్దలు అతన్ని చారన్నం మీదే ఉంచారు. ఎవరి మాట వినాలి?

ఆస్పత్రి మాటే వినాలి. 1986 ఆగస్టు వరదలు చూసిన డెల్టా వాసులకు గండి అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. గట్టు తెగినప్పుడు బయటి నుంచి మట్టి, ఇసుక బస్తాలు రాకపోతే ఊళ్లోని ఇళ్ల గోడలు పడగొట్టి ఆ మట్టినే గండిలో పోయవలసి వస్తుంది. ఒళ్లు బాగా కాలినప్పుడు శరీరం చేసే పని ఇదే. కార్టిసాల్, అడ్రినలిన్ వంటి హార్మోన్లు వారాల తరబడి ఎక్కువగా ఊరుతూ, కండరాలను అమైనో ఆమ్లాలుగా, అంటే మాంసకృత్తులను కట్టే ఇటుకలుగా, విడగొట్టిస్తాయి. వాటిలో కొన్ని కొత్త కణజాలానికి, కొన్ని రోగనిరోధక కణాలకు చేరితే, చాలా భాగం కాలేయంలో గ్లూకోజుగా మారి ఖర్చయిపోతుంది. అంటే పడగొట్టిన గోడలో సగం మట్టి గండిదాకా చేరకుండానే దారిలో కొట్టుకుపోతుందన్నమాట. పైగా కాలిన చోటి నుంచి కారే రసిలో కూడా మాంసకృత్తులు పోతూనే ఉంటాయి.

మాంసకృత్తులు విరిగినప్పుడు వాటిలోని నత్రజని మూత్రంలో బయటికి పోతుంది కనుక, ఈ కూల్చివేతను మూత్రంలో కొలవవచ్చు. కాలి ఎముక విరిగినవారి మూత్రంలో నత్రజని పెరగడాన్ని గ్లాస్గోలో డేవిడ్ కత్‌బర్ట్‌సన్ అనే శాస్త్రవేత్త 1930ల నాటికే గమనించాడు. ఒక గ్రాము నత్రజని 6.25 గ్రాముల మాంసకృత్తులకు, అంటే సుమారు 30 గ్రాముల పచ్చి కండకు సమానం. లెక్క కోసం ఒక రోజు తిండిలో వచ్చినదానికన్నా 20 గ్రాముల నత్రజని ఎక్కువ పోయిందనుకుంటే, ఆ రోజు కరిగిన కండ 600 గ్రాములు! బడిలో మనం 'శరీర నిర్మాణ ఆహారం' అని ఒక్క ముక్కలో చెప్పి వదిలేసే మాటలో ఇంత లెక్క ఉంది.

ఇక చీము సంగతి. చీము పప్పులోంచి రాదు. సూక్ష్మజీవులతో పోరాడి చచ్చిన తెల్ల రక్తకణాలే అందులో ఎక్కువ. ఆ కణాల తయారీకి, యాంటీబాడీలకు కావలసినవి మాంసకృత్తులే కనుక, పత్యం పేరుతో వాటిని ఆపడం సైనికుల కూడు ఆపడంతో సమానం.

పెద్ద కాలిన గాయాలున్న వయోజనులకు కిలో బరువుకు రోజుకు 1.5 నుంచి 2 గ్రాముల మాంసకృత్తులు ఇవ్వాలన్నది వైద్యుల సాధారణ లెక్క. 60 కిలోల మనిషికి 90 నుంచి 120 గ్రాములు. నాలుగు వందల గ్రాముల బియ్యం వండి చారుతో పెడితే 28 గ్రాములకు మించి రావు. నాలుగు గుడ్లలో 24, అర లీటరు పాలలో 16, వంద గ్రాముల కందిపప్పులో 22, నూటయాభై గ్రాముల చేపలో 28 వరకు ఉంటాయి. నొప్పితో, అరుచితో ఉన్న మనిషి ఇంత తినలేడు కనుకనే పొడి అవసరమవుతుంది. పాలలో కలిపిన పొడి, తినలేని ఆ భాగాన్ని పూరించడానికి తోడ్పడుతుంది. అన్నం, నూనె కూడా తగినంత ఉండాలి. శక్తి చాలకపోతే ఇచ్చిన మాంసకృత్తులే పొయ్యిలో కట్టెలవుతాయి. కొత్త కణజాలాన్ని పట్టి ఉంచే కొలాజెన్ అనే మాంసకృత్తి గట్టిపడడానికి విటమిన్ సి కావాలి కనుక జామకాయకూ చోటివ్వాలి.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ఈ మోతాదు వైద్యుడే నిర్ణయించాలి. గ్లుటమిన్ అనే ఒక్క అమైనో ఆమ్లాన్ని విడిగా ఇస్తే మేలని చాలాకాలం ఆశించారు గానీ, 2022లో వెలువడిన పెద్ద పరీక్షలో అలా ఇచ్చినవారు త్వరగా ఇంటికి వెళ్లలేదు. బరువు విషయంలో ఒక జాగ్రత్త: మొదటి రోజుల్లో వాపు వల్ల తూకం పెరిగి కనిపిస్తుంది, కరిగిన కండ దాని వెనుక దాగి ఉంటుంది. వాపు తగ్గాక వారానికోసారి తూచితేనే తిండి చాలుతోందో లేదో తెలుస్తుంది.